మూడంగుళాల మావయ్య

మా మావయ్య ఏ తీపి పదార్థాన్నీ టేపు పెట్టి కొలవనిదే ఎవరి నోటికీ చేరనివ్వడు. ఆయన దర్జీ. మెడలో ఎప్పుడూ రెండు టేపులు వేలాడుతుంటాయి. పసుపుది జనం నడుములకి, తెల్లది తీపికి.

కేకు వచ్చిందంటే తెల్ల టేపు తీసి, పొడవూ వెడల్పూ చూసి, అలవాటు కొద్దీ చెవి మీది సుద్దముక్క తీసేవాడు. అత్తయ్య చేతి మీద ఒక్కటేస్తే సుద్ద మానేసి కత్తి మొనతో గీత పెట్టేవాడు. మనిషికి మూడంగుళాల ముక్క, అంతే. కస్టర్డ్‌నీ వదల్లేదు, కప్పు పక్కన టేపు నిలబెట్టి లోతు చూసేవాడు.

"ఇది కేకా, చొక్కా కాలరా మావయ్యా?" అన్నాను ఒకసారి.

"కాలరైతే ఇంకా చిన్నగా కోసేవాణ్ణి. నెమ్మదిగా తినరా అల్లుడూ, రుచి తెలియాలి."

ఆ మూడంగుళాల్ని పావుగంట తినాలి. నేను రెండు గుటకల్లో ముగిస్తే, ఏదో నష్టం జరిగినట్టు నా వంక చూసేవాడు.

ఈ కొలతల పిచ్చి మొదలైంది అత్తయ్యకి షుగరు వచ్చాకే. మూడు నెలల్లో తగ్గకపోతే రోజూ ఇంజెక్షన్ తప్పదన్నాడు డాక్టరు. పొద్దస్తమానం సూదితో కాజాలు కుట్టే అత్తయ్యకి తన ఒంట్లో సూది దిగడమంటే హడల్. అలాగని నోరు కట్టుకునే మనిషీ కాదు. ఆ రోజుల్లోనే ఒక విందులో ఎవరో పెద్దమనిషి "ఆవిడకొద్దు, షుగరు" అని నలుగురిలో ఆమె చేతిలోంచి ప్లేటు లాగేసుకున్నాడు. ఇంటికొచ్చాక అత్తయ్య రెండు రోజులు వంటింటి ముఖం చూడలేదు. మూడో రోజు తేల్చి చెప్పింది.

"అందరికీ ఎంతో నాకూ అంతే పెట్టండి. మూడంగుళాలకి తగ్గితే ఊరుకోను."

అంతే, చుట్టపక్కాలందరం టేపు కిందకి వచ్చేశాం. ఒక్కరి షుగరుకి ఇంతమంది నోళ్ళు కుట్టెయ్యాలా అని నాకు ఒళ్ళు మండేది.

ఇంతలో నాకు ఉద్యోగం ఇంటర్వ్యూ వచ్చింది. మావయ్య కొత్త ప్యాంటు కుట్టాడు. గుండీ పడితే ఒట్టు.

"నాలుగో అంగుళం ఎక్కడో తిన్నావు," అన్నాడు.

"నువ్వు తిననిస్తే కదా?"

ఊపిరి బిగబట్టి అదే తొడుక్కుని వెళ్ళి, పొట్టి పొట్టి జవాబులు చెప్పి వచ్చాను. మితభాషి అనుకున్నారో ఏమో, ఉద్యోగం ఇచ్చారు. తినందే నడుం ఎలా పెరిగిందన్న అనుమానం మాత్రం పోలేదు. టేపులు రెండూ కుట్టుమిషను మీద పెట్టి మావయ్య టీకి వెళ్ళినప్పుడు పక్కపక్కన పరిచి చూశాను. తెల్లదానికి మొదటి అంగుళం లేదు. ఎవరో కత్తెరతో శుభ్రంగా కోసేశారు. మూడు అని ఉన్నచోటికి ఉన్నవి రెండే అంగుళాలు.

"ఇదేంటి మావయ్యా?" అన్నాను ఆయన గుమ్మంలోకి రాగానే.

ఆయన లోపలి గది వైపు చూశాడు. "మెల్లగా మాట్లాడరా. డాక్టరు రెండు దాటొద్దన్నాడు. ఆవిడ మూడు తగ్గొద్దంది. నేనెవర్ని కాదనను?"

"మరి మాకెందుకీ కోత?"

"మీ ముక్క పెద్దదైతే ఆవిడ ముక్క చిన్నదైపోదూ?"

ఒకప్పుడు నిలబడే సగం కేకు లాగించిన మనిషి, తనూ ఆ రెండంగుళాలతోనే సరిపెట్టుకుంటున్నాడని అప్పుడు గుర్తొచ్చింది. నా కోపమంతా ఎటో పోయింది.

"మరి నా ప్యాంటు?"

మావయ్య బుర్ర గోక్కున్నాడు. "తొందర్లో గుడ్డ ఈ తెల్లదాంతో కొలిచి కోసినట్టున్నాను."

మరుసటి వారం అత్తయ్య రిపోర్టు వచ్చింది. షుగరు దిగింది. ఇంజెక్షన్ అక్కర్లేదన్నారు. చక్కెర తగ్గించి, ఆపిల్ ముక్కలు ఎక్కువేసి కేకు చేసింది అత్తయ్య. మావయ్య తెల్ల టేపు తీసి కొలుస్తుంటే ఆమె నా చెవి దగ్గరికి వంగింది.

"ఆ టేపుకి ఒక అంగుళం లేదని నాకు మొదటి రోజే తెలుసురా. నా కాజాల కత్తెరతోనే కోశారు. ఎక్కడ తీసింది అక్కడ పెడితేగా?"

"మరి అడగలేదేం?"

"అడిగితే ఇంకో అంగుళం కోస్తారు."

అని తన ముక్క తీసుకుని నింపాదిగా, పావుగంట తిన్నది.

మావయ్య నాకు కొత్తగా కొలతలు తీసుకుని ఇంకో ప్యాంటు కుట్టిచ్చాడు. ఇది సరిగ్గా అంగుళం వదులు. నా నడుం ఈసారి ఏ టేపుతో కొలిచాడో నేనడగలేదు. బెల్టు కొనుక్కున్నాను.