సారు ఓటమి కోరి నల్లగొండ దాకా

ఒక మనిషి ఓడిపోవాలని కోరుకుంటూ నాలుగు బస్సులెక్కి ప్రయాణం చేయడం అంత గొప్ప పనేమీ కాదు. అయినా ఎనభైల చివర్లో, ఒక దసరా సెలవుల్లో మేము ముగ్గురం ఆ పని చేశాం. నారాయణపేట నుంచి నల్లగొండకు నేరుగా బస్సు దొరకదు కాబట్టి, అటు వెళ్లేవాళ్లకు దారి పనికొస్తుందని రాస్తున్నాను. ఓటమి కోరుకునే విషయంలో మాత్రం మమ్మల్ని చూసి ఎవరూ నేర్చుకోనక్కర్లేదు.

ఆ మనిషి హమీద్ సారు. మా ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా ఉండేవారు, మా ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. జట్టు మాదే గాని మైదానం మాది కాదు. పొద్దున పూట అది నేతవాళ్లది. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు దారాలను మైదానం పొడవునా కర్రల మీద చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. పక్కన మిగిలిన జాగాలో మేం ఆడుకోవచ్చు. షరతు ఒక్కటే. బంతి పోయి పడుగు మీద పడితే, కొట్టినవాడే కూర్చొని తెగిన పోగులన్నీ అతకాలి. ఒకసారి అతికినవాడు మళ్లీ బంతిని గాల్లోకి లేపేవాడు కాదు.

హమీద్ సారు ఆ భయాన్నే ఆటగా మార్చారు. బంతి మోకాలు దాటి లేవకూడదు. నేలను అంటుకొని, చిన్న చిన్న పాసులతో, ఒకరి కాలి దగ్గర్నుంచి ఇంకొకరి కాలి దగ్గరికి పోవాలి. ఆ ఆటతోనే మేం జిల్లా ఫైనల్ దాకా వెళ్లాం. ఫైనల్లో ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం.

వెంటనే మా కమిటీ కూర్చుంది. ఆడే పదకొండు మంది కంటే కమిటీలో ఉన్న పదకొండు మందికే ఆట ఎక్కువ తెలుసు. బంతిని పైకి కొట్టకపోవడం వల్లే ఓడామని తేల్చాం. బీయే చదివిన సెక్రెటరీని కాబట్టి ఆ తీర్మానం నేనే రాసి సారు చేతికిచ్చాను. ఆయన చదివి, చేతిరాత బాగుందన్నారు.

మరునాడు పొద్దున మా తీర్మానం ప్రకారమే పైకి కొట్టించారు. మూడో బంతి పోయి బాలప్ప పడుగు నడిమధ్యలో పడింది. బాలప్ప నేతవాళ్లలో పెద్దమనిషి. కొట్టింది ఆయన కొడుకు నర్సింలే. తెగిన పోగులు అతికించడంతో పని ముగియలేదు, మైదానంలో మా ఆటే బందయింది. నెల తిరక్కుండా సారు అడిగి మరీ నల్లగొండకు బదిలీ చేయించుకున్నారు. పెద్ద ఊరు దొరికిందని మమ్మల్ని వదిలేసి పోయాడని మేం రెండేళ్లు చెప్పుకున్నాం. చెప్పుకోవడానికి బాగుండేది.

ఆ రెండేళ్లూ మాకు మైదానం లేదు. జట్టు ఉందనడానికి నా దగ్గరున్న రిజిస్టరు తప్ప వేరే ఆధారం లేదు. చివరికి బాలప్ప ఒక మాటన్నాడు. "హమీద్ సారు వచ్చి జమానత్ ఉంటే, నాది పూచీ అంటే, జాగా ఇస్త. మీ కమిటీ మాట మాత్రం నాకొద్దు." సారుకు ఉత్తరం రాశాను. జవాబుగా కార్డు వచ్చింది. నల్లగొండ జట్టును తయారు చేశానని, పట్నం జట్టుతో ఫైనల్ ఉందని, ఓడిపోతే ఇక్కడివాళ్లు జట్టును ఎత్తేస్తామంటున్నారని, అప్పుడు బదిలీ అడిగి మా ఊరికే వచ్చేస్తానని రాశారు. గెలిస్తే మాత్రం వీళ్లను వదిలి రానని కింద ఇంకో వాక్యం.

అంటే సారు ఓడితే మాకు జట్టుంటుంది. గెలిస్తే ఉండదు. అది కళ్లారా చూసి, ఓడగానే వెంటబెట్టుకొని రావడానికి బయల్దేరాం. నేను, నర్సింలు, మా జట్టుకు అంగీలు కుట్టిన దర్జీ ఖాజా భాయ్.

పొద్దున ఐదింటికి మొదటి బస్సు. ముందు రోజే చెప్పి పెట్టుకున్నా సీటు దొరకలేదు, ఎందుకంటే చెప్పింది డ్రైవరుకు, సీట్లు ఇచ్చేది కండక్టరు. మరికల్ దగ్గర కొంతమంది దిగాక కూర్చున్నాం. పక్క సీటులో ఒక ముసలావిడ, ఒళ్లో పల్లికాయ మూట.

"యాడికి పోతున్నరు బిడ్డా?" అని అడిగింది.

"నల్లగొండ, అవ్వా. ఫుట్‌బాల్ ఆట చూడనీకి," అన్నాడు నర్సింలు.

"గంత దూరమా? మన దిక్కు ఆటలు లేవా?"

"లేవు అవ్వా. గదే ఫికరు."

ఏడు దాటాక మహబూబ్‌నగర్. స్టాండు ఎదురుగా హోటల్లో ఇడ్లీ, చాయ్. ఇడ్లీ గురించి ఎక్కువ చెప్పను, చాయ్ వేడిగా ఉంది. ఏడూ నలభైకి కల్వకుర్తి బస్సు. జడ్చర్లలో ఆగగానే సీతాఫలాల గంపలు కిటికీల దాకా లేచాయి. ఖాజా భాయ్ ఆరు పండ్లు కొన్నాడు.

"ఎవరికి భాయ్?" అన్నాను.

"సారుకు. ఓడినంక నోరు చేదైతది గదా."

కాసేపాగి తనే రెండు తిన్నాడు. ఆ ప్రయాణంలో ముగ్గురికీ కాలు ఒక చోట నిలవలేదు. నర్సింలు బస్సు ఆగిన ప్రతి చోటా దిగి, కదిలాక ఎక్కాడు. నేను గడియారం చూసుకుంటూ ఉన్నాను. దానికి తొందర లేదని చూసిన ప్రతిసారీ తెలిసింది.

పదిన్నరకు కల్వకుర్తిలో దేవరకొండ బస్సు ఎక్కాం. దారి పొడవునా ఆముదం చేన్లు, ఎర్రమట్టి, డిండి దగ్గర కాసేపు నీళ్లు. వెనక సీటులో ఒక బడిపంతులు పరిచయమయ్యాడు. దేవరకొండ మనిషి. మేం ఆట చూడ్డానికని చెప్పగానే ముఖం వెలిగిపోయింది.

"మా హమీద్ సారు జట్టు! తప్పక చూడాలె. గసొంటి ఆట ఈ దిక్కు ఎవ్వడు ఆడలే."

'మా' అన్న మాట దగ్గర ఖాజా భాయ్ కిటికీ వైపు తిరిగాడు. నేనే మర్యాదకు అడిగాను, ఆ సారుది ఏ ఊరని.

"ఏమో అన్నా. పాలమూరు దిక్కు యాడనో ఒక పనికిరాని జట్టు ఉండెనంట. ఆడికెళ్లి తప్పిచ్చుకొని వచ్చిండంటరు."

ఖాజా భాయ్ కిటికీ నుంచి ఇటు తిరిగాడు. "గా పనికిరాని జట్టుకు అంగీలు కుట్టింది నేనే," అన్నాడు. పంతులు దేవరకొండ వచ్చేదాకా తన సంచి ముడి విప్పి కట్టుకుంటూ కూర్చున్నాడు. దిగేటప్పుడు మాత్రం, అంగీలు మంచిగనే ఉండి ఉంటయి అన్నాడు. మంచివాడే.

దేవరకొండలో పన్నెండూ ముప్పావుకు, స్టాండు గోడ నీడలో నర్సింలు తెచ్చిన జొన్నరొట్టెలు, పల్లికారం తిన్నాం. ఒంటిగంటకు నల్లగొండ బస్సు. మూడు దాటుతుండగా ఊరు, ఊరి మీద గుట్టలు కనిపించాయి. గుట్ట మీది దర్గా వైపు చూసి ఖాజా భాయ్ చేతులెత్తి కళ్లు మూసుకున్నాడు.

"ఏం అడిగినవ్?" అన్నాడు నర్సింలు.

"సారు ఓడాలని అడుగుదామనుకున్న. నోరు రాలే. ఎవరన్న ఓడాలని దువా చేస్తరారా?"

"మరేమన్నవ్?"

"సారు పాణం మంచిగుండాలని అన్న. అండ్ల ఓడుడు లేదు, గెలుసుడు లేదు."

స్టాండు దగ్గర లాడ్జిలో ముగ్గురికీ ఒక గది తీసుకున్నాం. మంచాలు రెండు, కిటికీ ఒకటి, అది తెరుచుకోదు. సంచులు పడేసి నాలుగింటికల్లా మైదానానికి నడిచాం. ఊరంతా అక్కడే ఉంది. గోడ మీద జాగా దొరికింది.

నల్లగొండ జట్టు ఆట మొదలుపెట్టిన రెండు నిమిషాలకు నర్సింలు నా మోచేయి పట్టుకున్నాడు. చెప్పనక్కర్లేదు, నాకూ కనిపిస్తోంది. చిన్న పాసులు. నేల మీద. బంతి మోకాలు దాటడం లేదు. అంగీల రంగు వేరు, ముఖాలు వేరు, ఆట మాత్రం మా మైదానంలో పడుగుల పక్కన ఆడిన ఆటే. ఒకడైతే బంతి ఆపేముందు ఎడమవైపు ఒకసారి చూస్తున్నాడు, మేం పడుగు ఎంత దూరముందో చూసుకున్నట్టు. ఆ చూపు కూడా నేర్పించారంటే సారుకు దండం పెట్టాలి.

"మన ఆట ఎత్తుకొచ్చిండు," అన్నాడు ఖాజా భాయ్. ఆ గొంతులో కోపం ఎంత, గర్వం ఎంత అని విడదీయడం నావల్ల కాలేదు.

ఇరవై నిమిషాలకు పట్నం జట్టు గోల్ కొట్టింది. వాళ్లంతా పొడుగు మనుషులు. గాల్లో వచ్చిన బంతిని ఒకడు తలతో నెట్టేశాడు. మేం సంతోషించాల్సిన సమయం అదే. ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. ఖాజా భాయ్ రెండు చప్పట్లు కొట్టి, దోమను చంపినట్టు చేతులు దులుపుకున్నాడు.

విరామంలో నల్లగొండ పెద్దమనుషులు సారును చుట్టుముట్టారు. గోడ మీదికి అంతా వినిపిస్తోంది. "పైకి కొట్టమను సార్! గిట్ల గీరుకుంట ఉంటే గోలు పడతదా?" ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు, మంచి చేతిరాతలో రాసిచ్చినవాణ్ణి నేనే. సారు చేతులు కట్టుకొని నేల చూస్తూ నిలబడ్డారు. మా తీర్మానం చదివిన రోజు కూడా అలాగే నిలబడ్డారు. ఆ రోజు ఆయన ఒప్పుకున్నారని అనుకున్నాం.

రెండో సగంలో జనం అరుపులకు నల్లగొండ కుర్రాళ్లు బెదిరిపోయి పైకి కొట్టసాగారు. కొట్టిన ప్రతి బంతీ పట్నం పొడుగువాళ్ల తలల మీదికే పోతోంది. ఇంకో అరగంట ఇలాగే సాగితే సారు మా వాడు. మైదానం మాది. నేను గడియారం చూసుకున్నాను.

ఉన్నట్టుండి నర్సింలు గోడ మీద లేచి నిలబడ్డాడు.

"కింద! కిందనే ఆడుండ్రి! మోకాలు దాటనీయకుండ్రిరా!"

అంగీ పట్టి లాగాను. "నర్సింలూ, మనం వచ్చింది దేనికి?"

"తెల్సన్నా. కానీ గట్ల కొడుతుంటే సూడబుద్ధయితలేదు."

మళ్లీ అరిచాడు. పక్కనున్న నల్లగొండ వాళ్లు నలుగురు ఇతనెవరన్నట్టు చూశారు. తర్వాత వాళ్లలో ఒకడు అందుకున్నాడు, తర్వాత గోడంతా అందుకుంది. ఖాజా భాయ్ కూడా అరిచాడని తర్వాత ఒప్పుకున్నాడు. కుర్రాళ్లు బంతిని దించారు. పది నిమిషాల్లో ఒక గోల్. ఆట ఇంకాసేపట్లో ముగుస్తుందనగా, ఎక్కడో వెనక మొదలై, ఎనిమిది తొమ్మిది కాళ్లు మారి, గడ్డిలో పాకుతూ వెళ్లిన బంతి ఇంకో గోల్ అయింది. నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకు తెలియదు. నిలబడి ఉన్నానని మాత్రం తర్వాత గమనించి కూర్చున్నాను.

పొద్దుగూకకముందే సారు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. మెడలో బంతిపూల దండ, చెప్పుల నిండా దుమ్ము. ముందు నర్సింలు భుజం మీద చేయి వేశారు.

"అరిసింది నువ్వే గదరా? ఆడికెళ్లి గుర్తుపట్టిన."

నర్సింలు తల వంచుకున్నాడు. ఖాజా భాయ్ మిగిలిన సీతాఫలాలు ఇచ్చి, మనసులో ఉన్నది కూడా చెప్పేశాడు. "ముబారక్ సార్. కానీ మా ఆట తీస్కొచ్చి వీళ్లకిచ్చిండ్రు."

సారు నవ్వారు. "మీరు వద్దన్నరు గదా భాయ్. మంచి ఆట, పారేసుడెందుకని తెచ్చిన."

ఆయనే మళ్లీ, "ఇగ నేను రాలేను. మీకు తెల్సు," అన్నారు.

"తెలుసు సార్. ఊరికే ఆట చూసిపోదామని వచ్చాం," అన్నాను. పదిహేనేళ్లు చదివిన చదువు ఆ ఒక్క అబద్ధానికి పనికొచ్చింది. సారు నమ్మలేదు, నమ్మనట్టు చూపించనూ లేదు. చాయ్ తాగించి, లాడ్జి దాకా నడిచి వచ్చి వెళ్లారు.

మరునాడు పొద్దున ఆరింటి బస్సుకు తిరుగు ప్రయాణం. వచ్చేటప్పుడు ఉన్న చికాకు పోలేదు గాని, దిక్కు మార్చుకుంది. ఖాజా భాయ్ డిండి దాకా సారును తిట్టాడు, డిండి దాటాక కండక్టరుకు మ్యాచ్ మొత్తం వివరించాడు. వినేవాళ్లు పెరిగిన కొద్దీ పాసులూ పెరిగాయి, చివరి గోల్‌కు ముందు కాళ్లు పదిహేను దాకా పోయాయి. మాకు దక్కాల్సిన మనిషి ఇంకొకరి దగ్గర బాగుపడితే సంతోషించాలా ఏడవాలా అన్నది మాకు తేలలేదు. నాలుగు బస్సుల్లో రెండు రకాలుగానూ చూశాం.

కల్వకుర్తిలో బస్సు మారాక నర్సింలు నోరు విప్పాడు.

"నాయినకు జమానత్ గావాలె, గంతే గదా? సారే ఎందుకుండాలె? బంతి కొట్టింది నేను. నేనుంట."

"మీ నాయిన కుంచె తిరగేసి కొడతడు," అన్నాడు ఖాజా భాయ్.

"కొట్టనీ. రెండేండ్లాయె, ఆయన ముంగట బంతి పేరెత్తక. గా పోరగాళ్లకు చెప్పినంక మా నాయినకు చెప్పుడు ఎంత పని?"

కావాలంటే తీర్మానం రాసిస్తానన్నాను. ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు.

నారాయణపేటలో దిగేసరికి మధ్యాహ్నం రెండున్నర. కమిటీలో సగం మంది స్టాండులోనే ఉన్నారు. మెట్లు దిగకముందే అడిగారు, ఓడిండా అని.

"లేదు," అన్నాను. "గెలిచారు. రారు."

"మరి గట్ల నవ్వుకుంట దిగుతున్నరేంది?"

ఖాజా భాయ్, నేనూ ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. నిజమే, నవ్వుతున్నాం. జవాబు చెప్పమందామని నర్సింలు కోసం చూస్తే అతను అక్కడ లేడు. సంచి కూడా నా దగ్గరే వదిలేసి, తను చెప్పకముందే ఎవరైనా పోయి చెబుతారేమోనన్నట్టు, వాళ్ల నాయిన మగ్గం ఉన్న గల్లీ వైపు పరుగులాంటి నడకతో పోతున్నాడు.