అమావాస్య మర్నాడు చీపురు పట్టిన మేడం

మేడం పోయిన్రన్న మాట నాకు ఒక ఆటో అన్న నోటి నుంచి తెలిసింది. వెనక టైరు పంక్చరైతే మా షెడ్డు దాకా నెట్టుకొచ్చిండు. స్టూలు మీద కూసొని ఫోను చూసుకుంట, "మీ చీపురు మేడం పోయిందంట గద తమ్మీ, పొద్దుగాల దవాఖానల" అన్నడు. నా చేతుల ట్యూబు సగం బయటికి వచ్చి ఉన్నది. దాన్ని పూర్తిగ గుంజిన, నీళ్లల్ల ముంచిన, బుడగలు ఎక్కడ వస్తున్నయో చూసిన, అతుకు వేసిన. ఆటో పోయినంక షెడ్డు వెనక పాత ఇంజన్ల మధ్య నిలబడి, ఎవర్ని తిట్టాల్నో తెల్వక రేకును తన్నిన. కాలు ఇంక నొస్తనే ఉన్నది.

అంతకు రెండు రోజుల ముందు, తార్నాక నుంచి లాలాపేట్ పోయే రోడ్డు మీద, పాల ప్యాకెట్ కోసం దాటుతుంటే మేడంను కారు గుద్దింది. యూ-టర్న్ దాకా పోవుడు బద్ధకమై రాంగ్ సైడుల వచ్చిన కారు. ఆ కారాయన దిగి, "చూసుకోవాలె గద ఆంటీ" అన్నడట. కింద పడి ఉన్న మనిషితోని. బతుకుతరనే అనుకున్న. దెబ్బ తలకని తర్వాత తెల్సింది.

ఆ రోడ్డు మీద తిరిగేటోళ్లయితే మేడంను మీరు చూసే ఉంటరు. అమావాస్య మర్నాడు తెల్లారంగనే, నేత చీర కుచ్చిళ్లు పైకి దోపి, కాళ్లకు స్పోర్ట్స్ బూట్లు, మున్సిపాలిటీ అక్క ఇచ్చిన ఆరెంజ్ కోటు, పొడుగు కట్టె చీపురు. దుకాణాల ముందర రోడ్డు మీద పగిలి ఉన్న గుమ్మడికాయ ముక్కల్ని ఊడ్చి, రేకు చేటలకు ఎత్తి, గోనె సంచిల పోసుకుంట పోయేవారు. కోచింగ్ సెంటర్లకు ఉరికే పిల్లలు వీడియో తీసేటోళ్లు. పిచ్చి అనుకున్నోళ్లు ఉన్నరు, ఏదో మొక్కు అనుకున్నోళ్లు ఉన్నరు. యూనివర్సిటీల స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన ప్రొఫెసర్ అని తెల్సినోళ్లు తక్కువ.

మొదట్ల నాకూ తెల్వదు. నేను ఇంటర్ మధ్యల వదిలేసినోన్ని. బండి పని ఫోన్ల వీడియోలు చూసి నేర్చుకున్న, తెలుగు రాసుడు పేపర్లు చదివి నేర్చుకున్న. ఎవరన్న 'కూసో, నేను చెప్త' అంటే నాకు ఒళ్లు మండుతది. మేడం అట్ల అనలే. ఒకరోజు షెడ్డుకు వచ్చి, "నిన్న మొన్న పడిన బండ్లు ఏమన్నా వచ్చినాయా నాయనా?" అని అడిగిన్రు.

"ఎందుకు మేడం, ఇన్సూరెన్సోళ్లా?"

"కాదప్పా. ఊరికే చూస్తా. నువ్వు పని చేసుకో."

హ్యాండిల్ వంకరపోయిన స్కూటీ ఒకటి ఉన్నది. దాని ముందు గొంతు కూసొని, జడపిన్నుతోని మడ్‌గార్డ్ లోపల గీకి, ఏదో తీసి నా అరచేతిల పెట్టిన్రు. గుమ్మడి గింజ.

"ఇది బండిలోకి యాడ నుంచి వచ్చింది?"

"రోడ్డు మీదికెల్లి. నిన్న అమావాస్య గద, అందరు దిష్టి తీసి పగలగొడ్తరు."

"సరే. బండి ఎట్ల పడింది?"

నేను గింజ దిక్కు చూసిన, బండి దిక్కు చూసిన. ఎన్ని బండ్ల కింద ఆ గింజలు కడిగి పారబోసిన్నో నాకే తెల్వదు.

మేడం ఈ పని హైదరాబాద్‌ల మొదలుపెట్టలే. వాళ్లది రాయలసీమల ఒక చిన్న టౌను. ఒక బస్టాండు, ఒక మార్కెట్ రోడ్డు, సాయంత్రమైతే ఊరంత ఆ రోడ్డు మీదనే. ఆ టౌన్ల నెల నెలా యాక్సిడెంట్లు ఎప్పుడు పెరుగుతున్నయి, ఎప్పుడు తగ్గుతున్నయి అని ఏండ్ల తరబడి చూసిన్రు. పోలీస్ స్టేషన్ల కేసు అయినవి, కేసు లేకుండ దవాఖానల కట్టు కట్టించుకొని పోయినవి, రెండూ. తారీకుల ప్రకారం గీత గీస్తే తలా తోకా దొరకలేదట. వానలన్నరు, పెండ్లిండ్లన్నరు, పంట పైసలు చేతికొచ్చి తాగుడన్నరు. ఏదీ నిలబడలే.

మా షెడ్డుల ఎవరో వదిలేసి పోయిన బైకు ఒకటి దుమ్ము పట్టి ఉన్నది. దాని టాంకు మీద వేలుతోని గీసి చూపించిన్రు.

"ఇది ఇంగ్లీషు నెల. చూడు, గుట్ట ఒకసారి ఈడ లేస్తుంది, ఒకసారి ఆడ. దేనికీ పొంతన లేదు." దాని కింద ఇంకో గీత. "ఇది పంచాంగం నెల. పాడ్యమి నుంచి అమావాస్య దాకా." ఈసారి గుట్ట ఎన్నిసార్లు గీసినా గీత చివరనే లేచింది.

"ఎట్ల తట్టింది మేడం?"

"మా అమ్మ పంచాంగం ముందర పెట్టుకొని ఉపవాసాలు చూసుకుంటా ఉండె. ఊరు ఏ నెల మీద నడుస్తుందో ఆ నెల మీదనే గదా పడేది అనిపించె."

"అమావాస్య అంటే చీకటి గద. చీకటికి పడ్తుండొచ్చు" అన్న. ఊకె ఒప్పుకునుడు నాతోని కాదు.

"నేనూ అట్లే అనుకుంటి. చీకటీ ఒక కారణమే. కానీ చీకటికి గింజలుండవు నాయనా."

ఇంతవరకు మంచిగనే ఉన్నది. ఇగ వినున్రి. మేడం ఆ టౌనుకు పోయి వర్తకుల మీటింగుల నిలబడి చెప్పిన్రు. అమావాస్య సాయంత్రం, మర్నాడు పొద్దున యాక్సిడెంట్లు ఎక్కువైతున్నయి, కాయ నడి రోడ్డు మీద కొట్టకున్రి, గడప ముందర ఓ మూలకు కొట్టి ఎత్తేసుకోన్రి అని. అందరు చప్పట్లు కొట్టిన్రు. వచ్చే అమావాస్యకు మార్కెట్ల ఫ్లెక్సీ లేచింది. అమావాస్య గండం నిజమేనని యూనివర్సిటీ ప్రొఫెసర్ తేల్చిన్రని, మేడం ఫోటో, కింద గుమ్మడికాయల దుకాణం పేరు. మాట సగం తీసుకున్నరు, సగం మోరిల వేసిన్రు. ఆ నెల చిన్న కాయ కొట్టేటోడు పెద్ద కాయ కొట్టిండు, ఎన్నడూ కొట్టనోడు కూడ కొట్టిండు.

ఈ ముచ్చట చెప్పుకుంట మేడం కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వేవారు. నాకు రక్తం మరిగేది. "వాన్ని కోర్టుకు గుంజాలె మేడం" అన్న.

"గుంజి? జడ్జి కారుకు నిమ్మకాయ లేదా ఏమి?"

ఇటు యూనివర్సిటీల తన డిపార్ట్‌మెంటోళ్లేమో, మూఢనమ్మకానికి గ్రాఫు గీస్తున్నారా అని మొహం మీదనే అన్నరట. వాళ్లు నమ్మి పాడు చేసిన్రు, వీళ్లు నమ్మక పాడు చేసిన్రు. ఇంక ఎవరికి రాయాలె? అప్పుడు చీపురు పట్టిన్రు. తన ఇంటి ముందర రోడ్డు, తన చేతికి అందినంత దూరం.

ఆదివారాలు నన్ను క్యాంపస్‌కు రమ్మనేవారు. చెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలేసుకొని గవర్నమెంట్ ఉద్యోగాలకు చదివే పిల్లల మధ్యకెల్లి నడిచేది. స్పీడ్ బ్రేకర్ కనపడితే చాలు, మాట ఆపేసి, దాని మీద తెల్ల పెయింట్ మిగిలిందా లేదా అని బూటు ముక్కుతోని గీకి చూసేవారు. ఇంటికి బంధువులొచ్చినా, హెల్మెట్ పెట్టుకొని రాకపోతే కాఫీల చక్కెర వేయకపోయేది. క్యాంటీన్ల పాత సార్లు కలిస్తే నన్ను చూపించి "మా కొలీగ్" అనేవారు. ఆ సార్ల చూపు నా గోర్ల కింది గ్రీజు మీద ఆగేది. ఒకాయన, "ఏ డిపార్ట్‌మెంట్ బాబూ?" అన్నడు. "మెకానికల్ సర్" అన్న. మేడంకు టీ పొలమారింది.

నాకు రెండు మాటలు చెప్పిన్రు, రెండూ షెడ్డుల పనికొస్తున్నయి. "పడినోన్ని అడుగు నాయనా. చూసినోన్ని అడిగితే కథ చెప్తాడు." ఇంకోటి, నేను గిరాకీల మీద అరిచిన రోజు అన్నది: "కోప్పడు, నేనేమీ వద్దనను. కోప్పడుతానే పానా తిప్పు."

మా ఓనరు కూడ కాయ కొడ్తడు. చెడ్డోడేం కాదు. ఆయన తమ్ముడు బండి మీద పోయి తిరిగి రాలే. అప్పటి నుంచి ప్రతి అమావాస్యకు ముషీరాబాద్ దాకా పోయి కాయ ఏరి తెస్తడు. ఒకసారి నేను, "సేఠ్, జర పక్కకు కొట్టు" అన్న.

"నువ్వు చర్చికి పోయేటోనివి. మా దిష్టి సంగతి నీకెందుకురా?"

"మా అమ్మ ఆదివారం చర్చికి పోతది, అమావాస్యకు నా బండికి నిమ్మకాయ కడ్తది. నేను దేవుని గురించి అంటలేను సేఠ్. జారుడు గురించి అంటున్న."

"నలుగురు తొక్కితెనే దిష్టి పోతది."

"నలుగురు తొక్కి నలుగురు పడ్తున్నరు."

"పడితే మనకే పని గదరా" అన్నడు. అని, తన మాట తనకే వినపడ్డట్టు ఆగిపోయి, లోపలికి పోయి ఫ్యాను వేసుకున్నడు.

మేడం పోయిన రోజు ఈ రోడ్డు మీద మనుషులు ఏడ్చిన్రు. అబద్ధం చెప్ప. కిరాణా అక్క ఏడ్చింది, చాయ్ బండి అన్న బండి బంద్ పెట్టిండు. ఏడ్చుకుంట ఏమన్నరో తెల్సా? "నెల నెలా దిష్టి ముక్కల్ల చేతులు పెట్టె. మనందరి దిష్టి ఆమెకే తగిలింది." కారు ముచ్చట ఎవరూ తీయలే. రాంగ్ సైడు ముచ్చట ఎవరూ తీయలే. "అవ్వాళ అమావాస్య కూడ కాదు గద" అని అరిచిన. "దిష్టికి తిథి ఉంటదారా" అన్నరు. బతికున్నప్పుడు ఆమె మాట ఒక్కడు వినలే. చచ్చిపోయినంక ఆమెనే సాక్ష్యం చేసుకున్నరు. ఆ ఫ్లెక్సీ రెండోసారి కట్టినట్టే. ఇట్లనే అంటరని ముందే తోచి నేను రేకు తన్నిన్నని ఇప్పుడు రాసుకుంట ఉంటే అర్థమైతున్నది.

వచ్చే అమావాస్య ముందర నేను దుకాణం దుకాణం తిరిగిన. కాళ్ల మీద పడుడు ఒక్కటే తక్కువ. "మేడం కోసం. ఈ ఒక్కసారి రోడ్డు మీద వద్దు. పక్కకు కొట్టున్రి, నేనే వచ్చి ఎత్తేస్త." అందరు ఒప్పుకున్నరు. "అట్లనే తమ్మీ, ఆమె కోసం అంతన్న చేయమా" అన్నరు. మా ఓనరు కూడ తల ఊపిండు. ఈ ఒక్కటి జరిగితే చాలనుకున్న. మేడం చేసిన పని గాలికి పోలేదని నాకు నేను చెప్పుకోనీకి నాకు ఈ ఒక్కటి కావాలె.

ఆ అమావాస్య రోజునే మేడం తమ్ముడు ఊరి నుంచి వచ్చిండు, ఫ్లాట్ ఖాళీ చేయనీకి. పెద్దాయన, పంచె, భుజం మీద తువ్వాల. అక్కాతమ్ముళ్లకు ముక్కు ఒకటే. బీరువా, పుస్తకాల పెట్టెలు నేనే కిందికి మోసిన. అంత అయినంక నా చేయి పట్టుకొని, "నాయనా, ఈడ మంచి గుమ్మడికాయ యాడ దొరుకుతుంది?" అన్నడు.

"కూరకా సార్?"

"కాదప్పా. ఈ పొద్దు అమావాస్య గదా. అక్క పడినచోట కొట్టి పోతా."

"మేడంకు ఇవి నచ్చవు సార్. మీకు తెల్సు గద."

"నాకు తెలీదా? ఆ ఫ్లెక్సీ కట్టిన రోజు మా ఇంట్లో అన్నం తినకుండా లేచి పోయింది. అక్కకు నమ్మకం లేదు. నాకుంది." నా చేయి ఇంకా వదలలే. "మా అక్క రోడ్డు మీద పడి ఉండె, నేను లేను. ఇప్పుడన్నా ఏమన్నా చేయాల గదా నాయనా. ఉత్త చేతులతో ఎట్ల పోయేది?"

ఓనరును తిట్టొచ్చు. కారాయన దొరికితే కొట్టొచ్చు. ఈ ముసలాయన్ను ఏం చేయాలె నేను? పోయి కాయ తెచ్చిన.

దీపాలు పెట్టే యాళ్ల. నేను చేతులు చాపి బండ్లు ఆపిన. హారన్లు, తిట్లు. ఆయన కర్పూరం వెలిగించి, మూడుసార్లు తిప్పి, అక్క పడ్డ జాగల కొట్టిండు. కాయ నాలుగు దిక్కుల పగిలింది, లోపల పోసిన కుంకుమ రోడ్డు మీద పారింది. అంతల్నే ఒక స్కూటీ నా చేయి కిందికెల్లి దూరి వచ్చింది. కాలేజీ బ్యాగు వేసుకున్న అమ్మాయి. వెనక చక్రం పక్కకు పోయింది. కాలు నేలకు తన్ని, ఎట్లనో నిలబెట్టుకొని, మమ్మల్నిద్దర్ని చూసి, "దిమాగ్ ఉందా అంకుల్?" అని పోయింది.

ఆయన అట్లనే నిలబడిపోయిండు. ఆమె పోయిన దిక్కు చూసిండు, రోడ్డు మీద చక్రం గీసిన తడి గీత చూసిండు. పంచె పైకి దోపి, గొంతు కూసొని, తువ్వాల నేల మీద పరిచి, ముక్కలు ఒక్కొక్కటి దాంట్లకు ఏరుడు మొదలుపెట్టిండు. గింజలు వేళ్ల సందులకెల్లి జారిపోతున్నయి. మళ్ల ఏరుతున్నడు. నేను బండ్లకు అడ్డం నిలబడ్డ.

అప్పుడు వెనక నుంచి ధబ్ మని చప్పుడు. చాయ్ బండి దగ్గర. కిరాణా ముందర ఇంకోటి. మా షెడ్డు దిక్కు ఇంకోటి. 'అట్లనే తమ్మీ' అన్నోళ్లందరు, ఒకరి తర్వాత ఒకరు, లాలాపేట్ దిక్కు రోడ్డు పొడుగున కొట్టుకుంట పోతున్నరు. కొన్నిటి చప్పుడు వినపడ్డది, దూరంవి వినపడలే, చేయి లేచి దిగుడు మాత్రం కనపడ్డది.

పెద్దాయన తలెత్తి ఆ దిక్కు చూసిండు.

"ఇంకా ఎన్ని నాయనా?" అన్నడు.

ఆయన తువ్వాల నాలుగు కొసలు ముడి వేసి, ఎత్తి, భుజానికి ఆనించుకొని లేచిండు. కుంకుమ నీళ్లు తెల్ల చొక్క మీదికెల్లి కారుతున్నయి. ముందర హెడ్‌లైట్ల వెలుతుర్ల రోడ్డంత తెల్లగ, ఎర్రగ మెరుస్తున్నది. బండ్లు ఎవరి తొందరల వాళ్లు దాని మీదికే వస్తున్నయి. ఆయన వాటికి ఎదురుగ, కిరాణా ముందర పగిలిన కాయ దగ్గరికి నడుచుకుంట పోతున్నడు.