అక్కకు వేసిన పందిరి

అరవైల్లో మా నాన్న అనకాపల్లిలో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మా ఇల్లు రెండు గదులు. ముందు గదిలో దూది బస్తాలు, ఏకే విల్లు, ఊళ్లోవాళ్లు బాగుచెయ్యమని ఇచ్చిన పాత పరుపులు. వెనక గదిలో మేము. కాస్త గాలి ఆడితే నలుసులు లేచి అన్నం మీదా నీళ్లబిందె మీదా వాలేవి. మాకది అలవాటే.

మా అక్కను మాడుగుల ఇచ్చారు. కూతురు పుట్టాక ఏడాది తిరక్కుండా ఆమెకు దగ్గు పట్టుకుంది. అత్తవారు కొన్నాళ్లు కషాయాలు పోశారు. నెత్తురు పడేసరికి పిల్లను తమ దగ్గర ఉంచుకుని, అక్కను ఒక్కదాన్నే బస్సెక్కించి పంపేశారు. డాక్టరు క్షయ అన్నాడు. సూదిమందు రాస్తూ నాన్న చొక్కాకి అంటుకున్న దూది చూశాడు.

"ఇంట్లోనే ఏకుతావా? అయితే ఆ పిల్లని లోపల పెట్టకు. గాలి తగిలేచోట, నీడలో పడుకోబెట్టు."

మా పెరట్లో నుయ్యి, బట్టలుతికే బండ తప్ప మరేమీ లేవు. చెట్టన్నది లేదు. అప్పటికే ఎండలు ముదిరాయి.

తాటాకు పందిరి వెయ్యమంది అమ్మ. నాన్న ఒప్పుకోలేదు. "పొయ్యిలోంచి రవ్వ లేసిందంటే దూదీ ఇల్లూ అన్నీ పోతాయి. ఆ పరుపులు మనవి కావు, ఊరోళ్లవి. రేకులేద్దాం."

"రేకు కింద మనిసి వేగిపోద్ది," అంది అమ్మ.

ఆనపపాదు పెడదామన్నాను నేను. అది అల్లుకునేసరికి వానలొస్తాయని అమ్మ కొట్టిపారేసింది. చివరికి అక్కనే అడిగారు. గోడకు ఆనుకుని కూర్చున్న అక్క, "మీకేది వీలైతే అదెయ్యండి," అంది.

నాన్న సరుగుడు గుంజలు పాతి పైన జింకు రేకులు బిగించాడు. పొద్దెక్కేసరికి రేకులు టిక్కుటిక్కుమనేవి. అమ్మా నేనూ తడిపిన గోనెపట్టాలు వాటి మీద పరిచేవాళ్లం. మరో చేద తోడేలోపే అవి ఎండిపోయేవి. మంచం వదిలేసి అక్క చాప పట్టుకుని ఇంటిగోడ నీడలోకి పోయేది. ఆ నీడ జరిగినకొద్దీ తనూ జరిగేది.

ఒక మధ్యాహ్నం అన్నానికి వచ్చిన నాన్న ఆమెను చూశాడు. గోడ పక్కన నీడ మూరెడే ఉంది. కాళ్లు ఎండలో పడకుండా మోకాళ్లు గుండెలకు ముడుచుకుని కూర్చుంది. నాన్న అన్నం తినలేదు. గుడ్డ చేతికి చుట్టుకుని, కాలుతున్న రేకుల్ని ఒక్కొక్కటీ ఊడదీశాడు. ఆ సాయంత్రమే తాటాకు వచ్చింది.

ఇక దూది ఇంట్లో ఉండటానికి లేదు. పరుపులు ఎవరివి వాళ్లకిచ్చేశాడు. మిగిలిన దూది అమ్మేశాడు. తెల్లవారకముందే విల్లు భుజాన వేసుకుని కె. కోటపాడు వైపు పల్లెలకు పోయి, వాళ్ల అరుగుల మీద వాళ్ల దూదే ఏకి, పొద్దుగూకాక వచ్చేవాడు. రెండు పూటలకీ పొద్దున్నే వండేసి అమ్మ పొయ్యి ఆర్పేసేది. బూడిద మీద నీళ్లు కూడా చల్లేది. రాత్రి నాన్న వచ్చి చల్లారిన అన్నం తినేవాడు.

తాటాకు కింద అక్కకు నిద్ర పట్టింది. రాజయ్యపేట నుంచి ఎండుచేపలు తెచ్చే ఆమె కేక వినబడితే, కొనమని అడిగి తినేది. ఆ తర్వాత పాపని చూడాలంది. నాన్న మాడుగుల వెళ్లి బతిమాలితే, ఒకరోజు అక్క అత్తగారు పిల్లని చంకనేసుకుని వచ్చింది. వచ్చి పెరటి గుమ్మంలో, ఎండలో నిలబడిపోయింది.

"నీడలోకి రండత్తా. దాని మాడు కాలిపోతాది," అంది అక్క.

"పిల్లకి అంటుకుంటాదమ్మా. నానిక్కడే ఉంటాను. నువ్వున్నావు గదా అక్కడ."

అక్క మంచం దిగింది. గుంజ పట్టుకుని కాసేపు నిలబడి, మెల్లగా నడిచి పెరటి చివర గోడ దగ్గరికి పోయింది. "నానిటొచ్చేసేను. ఇప్పుడు రండి."

అత్తగారు పందిరి కిందికి వచ్చింది గాని మంచం మీద కూర్చోలేదు. పిల్లని దించలేదు. పాప నీళ్లడిగింది. నేను నూతి దగ్గరికి వెళ్లాను. "దానికి వేరే గ్లాసు తే, నాను తాగింది కాదు," అంది అక్క అక్కణ్ణుంచే. పాప నీళ్లు తాగుతున్నంతసేపూ అక్క ఎండలో నిలబడి చూసింది. పాప మాత్రం అటు చూడలేదు. చూరునుంచి వేలాడే ఆకుకొసను అందుకోవాలని చెయ్యి చాపుతోంది. బస్సు వేళయిందని కాసేపటికే వాళ్లు వెళ్లిపోయారు.

అక్క వచ్చి మంచం మీద వాలింది. "దాని జుత్తు మరీ పల్సగుందేటే? ఆముదం రాత్తన్నారో లేదో," అంది నాతో. ఆ సాయంత్రం మళ్లీ నెత్తురు పడింది. అప్పట్నుంచి సూదిమందు పని చెయ్యలేదు. తొలివానలు పడుతున్న రోజుల్లో, నాన్న పల్లెల్లో ఉండగా, ఒక మధ్యాహ్నం అమ్మ చేతుల్లో పోయింది.

ఆడవాళ్లు గుంజల చుట్టూ దుప్పట్లు కట్టి పందిరి కిందే ఆమెకు స్నానం చేయించారు. మా బావ మట్టి ఇవ్వడానికి వచ్చి, అన్నం తినకుండా ఆ పూటే వెళ్లిపోయాడు. పాపని తేలేదు. ఏడాది లోపే మళ్లీ పెళ్లి చేసుకున్నాడని తెలిసింది. నాన్న రెండుసార్లు పిల్లను చూడటానికి వెళ్లాడు. రెండోసారి నిద్రపోతోందని గుమ్మం నుంచే పంపేశారు.

నలభయ్యోనాడు అక్క పేర ఫాతిహా చదివించాక నాన్న దూది మళ్లీ ఇంటికి తెచ్చాడు. విల్లు పెరట్లోకి పట్టుకెళ్లి, తాటాకు కిందే, అక్క మంచం ఉన్నచోటే ఏకటం మొదలుపెట్టాడు. అమ్మ గుమ్మంలోంచి చూసింది.

"అక్కడెందుకు? లోపల కూసోకూడదా?"

"లోపల ఉక్కగా ఉందే," అన్నాడు నాన్న, చెయ్యి ఆపకుండా.

అమ్మ తలుపు దగ్గరగా వేసేసింది. ఆ ఏడంతా నీళ్లు తోడటం, బట్టలుతకటం నా పనే అయింది. అమ్మ పెరట్లోకి రాలేదు.