ఒక్క లాగిన్, నలుగురు విద్యార్థులు

చైనా భాషను హోల్‌సేల్‌గా కొని నలుగురికి పంచిన మొనగాణ్ణి జగ్గయ్యపేట మొత్తానికి నేనొక్కణ్ణే. ఆ రికార్డు ఇప్పటికీ ఎవరూ కొట్టలేదు. కొట్టాలన్న బుద్ధి కూడా ఎవరికీ పుట్టలేదు.

రెండు వేల సంవత్సరం తర్వాతి మాట. యూనివర్సిటీలో ఎం.కాం. చదువుతున్నాను. మా ఫ్యాన్సీ షాపులో తలక్లిప్పుల నుంచి బొమ్మకార్ల దాకా సగం సరుకు చైనాదే. తోటి వ్యాపారులతో కలిసి అక్కడికే వెళ్ళి సరుకు చూసి రావాలనుకున్న మా నాన్న నాకొక షరతు పెట్టారు. ఆ భాషలో నాలుగు మాటలాడి నెగ్గుకొస్తే వెంట తీసుకెళ్తారు, లేదంటే కొట్లో కూర్చోవాలి. నాకేమో విమానం ఎక్కాలని ప్రాణం లాగేస్తోంది.

చైనాలో కొన్నేళ్ళుండి వచ్చిన ఒక మేడం ఆ వేసవిలో నందిగామలో కోర్సు పెట్టారు. పాఠాలు ఇంటర్నెట్‌లో, ఆదివారం ఆవిడ ఎదుట క్లాసు. ఫీజు క్లాసుకు తలకింత, పాఠాలకు లాగిన్‌కింత. ఆ రెండోది వినగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. మా యూనివర్సిటీలోనే చదివే బట్టల కొట్టు వాళ్ళబ్బాయినీ, చెప్పుల షాపు వాళ్ళమ్మాయినీ, ముక్త్యాల లారీ ఓనరు కొడుకునీ పోగేసి ఒకే లాగిన్ కొన్నాను.

“నలుగురికీ ఒకటి సరిపోతుందా?” అన్నారు మేడం.

“సర్దుకుంటామండి,” అన్నా.

కంప్యూటరు సర్దుకోలేదు. ఒకరు అప్పజెప్పిన పాఠం ఇంకొకరిని అడగదు. దాంతో పాఠాలనే వాటాలేశాం. పరిచయాలు బట్టల కొట్టుకి, తిండి చెప్పుల షాపుకి, దారులు లారీకి. అంకెలూ ధరలూ నేను పట్టుపట్టి తీసుకున్నాను. ఎవరి వాటా వాళ్ళు తక్కినవాళ్ళకు నేర్పాలని ఒప్పందం. ఎవరూ నేర్పలేదు.

నందిగామ బస్సులో మాత్రం వాదనలు జోరుగా సాగేవి. స్క్రీనే నయమనేది ఆ అమ్మాయి. “పదిసార్లు తప్పు పలికినా మొహం చిట్లించదు.”

“ఆ నెట్టు ఒక్క మాటకి పావుగంట గిర్రున తిరుగుద్ది. మేడం తిరగరుగా,” అనేవాడు లారీ ఓనరు కొడుకు.

నాకైతే స్క్రీన్ మీద పాఠం అద్దాల బీరువాలో సరుకులా ఉండేది. నోరెలా తిప్పాలో మేడం పెదాలు చూస్తేగాని అంతుపట్టేది కాదు.

ఆఖరి ఆదివారం పరీక్ష. మా నాన్న వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. మేడం చైనా భాషలో ఏదో అడిగారు. నాకు వచ్చిన వాక్యం నేను చెప్పాను.

“బాబూ, నేను మీ ఊరేదని అడిగా. ధర ఎక్కువ, తగ్గించమంటున్నావు.”

వెనక నుంచి నాన్న గొంతు: “ఊరికి కూడా బేరం పెట్టాడండి.”

జాలిపడి ఆవిడ తన హ్యాండ్‌బ్యాగు అమ్మకానికి పెట్టారు. చెప్పిన ధరలో పావు వంతుకు దించేశాను. నాన్న మొహం వెలిగింది. అంతలో, బ్యాగులమ్మే వీధికి దారెటని మేడం అడిగారట. దారులు నా వాటా కాదు.

తిరుగు బస్సులో నాన్న నెమ్మదిగా అన్నారు: “బేరం బానే ఆడతావురా. ఆ కొట్టు దాకా నిన్నెవరు తీసుకెళ్తారు?”

ఆయన వెళ్ళారు. నేను కొట్లో కూర్చున్నాను.

ఇక లెక్క. లాభం, లాగిన్ ఫీజులో ముప్పాతిక. నష్టం, భాషలో ముప్పాతిక, విమానం మొత్తం. నెట్ సెంటర్‌లో నా వంతు వచ్చేదాకా తాగిన కూల్‌డ్రింకులు కూడా కలిపితే, ఆ లాభమూ లేదు.