మోకాల్లోతే

ఈ పరదేశంలో స్వోర్డ్స్ ఊరికెళ్లే బస్సెక్కారా, దత్తాత్రేయగారు కనపడి తీరతారు. డెబ్బై అయిదేళ్ల మనిషి, కాళ్లు ఎడంగా వేసి, నేల ఊగుతున్నట్టు నడుస్తారు. కుర్రతనంలో, డెబ్బై ఒకటి యుద్ధంలో, ట్యాంకుల్ని, జవాన్లని ఒడ్డున దింపే ఓడలో పనిచేశారు లెండి. అడుగు చదునుగా ఉండే ఆ ఓడ చిన్న అలకే ఉయ్యాలైపోయేదట. యుద్ధమయ్యాక అది వరద ఊళ్లకి బియ్యం మోసింది, ఆనక తుక్కు కింద పోయింది. ఈయన నడక మాత్రం మారలేదు.

మొన్న అదే బస్సులో, చక్రాల కుర్చీలో ఉన్న శాంతకుమారిగారు దిగడానికి డ్రైవరు ర్యాంపు దింపాడు. కింద వాన నీళ్లు. ఈయన గబుక్కున దిగి, ఆవిడకి అడ్డంగా నిలబడి, చేతికర్రతో నీళ్లలో పొడవడం మొదలెట్టారు. ఒకచోట కాదు, పదిచోట్ల.

"నాన్నా, అందరూ చూస్తున్నారు, రా!" అని కూతురు మధులిక లాగింది.

"మోకాల్లోతైనా లేదు అన్నయ్యగారూ, జరగండి!" అని నవ్వారు శాంతకుమారిగారు.

"యుద్ధంలో మా ఓడ ర్యాంపు దింపిన రోజు నేనూ మోకాల్లోతే అన్నానమ్మా. గెడ ఒక్కచోటే దింపి చూశాను. నా మాట నమ్మి ముందు దిగిన ఆరుగురు జవాన్లూ మళ్లీ పైకి తేలలేదు."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. కుర్చీ చక్రాలు గట్టిగా పట్టుకున్నారు.

"చూడండి అన్నయ్యగారూ. మీరు చెప్పేదాకా నేను దిగను."