యతి కోసం వరుస తప్పిన ఆర్గాన్

ఇన్నేళ్లుగా నేను మోసినది ఒక పరమాణువు బరువు. నవ్వకండి. కంటికి కనబడనిది మనిషిని వంచలేదని ఎవరన్నారు? దానిని నిన్న ఉదయం అమీర్‌పేటలో, నిండు తరగతి ఎదుట దించి వచ్చాను. ఈ వాక్యాలలో పశ్చాత్తాపం కన్న ఉత్సాహమే ఎక్కువగా వినబడితే దాచను, అది ఉన్నమాటే.

నాకు ఛందస్సు మా తండ్రిగారు నేర్పారు, రసాయనశాస్త్రం కళాశాల నేర్పింది. ఆ రెంటినీ కలిపి బ్రతికాను. అమీర్‌పేటలో ఒక శిక్షణాలయంలో పాఠాలు చెప్పే రోజుల్లో, ఆవర్తన పట్టికలోని తొలి ఇరవై మూలకాలను ఆటవెలదులలో కూర్చాను. పిల్లలు హాస్టలు మెట్ల మీద, షేర్ ఆటోలలో వాటిని వల్లించేవారు. ఆ మ్రోత చెవిన పడినప్పుడల్లా నా నడక మారిపోయేది. చివరి మూడు మూలకాల పాదం ఇది:

ఆ వెనుక పొటాషి యార్గాను కాల్షియం.

పద్యపాదంలో మొదటి అక్షరానికి నడుమ ఒక నియత స్థానంలో జత కలవాలి; దానినే యతి అంటాము. 'ఆ'కు సంధిలో 'యార్గాను' అయిన 'ఆర్గాను' చక్కగా కుదిరింది. కుదరడం కోసం, పద్దెనిమిదవదైన ఆర్గాన్‌ను వెనక్కు నెట్టి, పంతొమ్మిదవదైన పొటాషియాన్ని ముందుకు తెచ్చాను. వ్రాసేటప్పుడు తెలియదా? తెలుసు. తరువాత దిద్దుదామనుకున్నాను. చెవికి ఇంపైన తప్పును చేయి దిద్దదు.

రూత్ అనే అమ్మాయి అడిగింది. పంజాగుట్టలో చర్చి వెనుక ఇల్లు. తల్లి సోమాజిగూడలో నర్సు. ముందు వరుసలో కూర్చునేది. ఆ ఒక్క సంభాషణ ఇప్పటికీ నా చెవిలో మ్రోగుతూనే ఉంది.

"సార్, పద్దెనిమిది ప్రోటాన్లున్నది ఆర్గాన్ గదా. మీ పద్యంల పొటాషియం ముందుగాల ఎట్లొచ్చింది?"

"పరమాణు భారం చూడమ్మా. పొటాషియం రవ్వంత తేలిక. తేలికైనది ముందు రావద్దూ?"

వెనుక బల్ల మీది నుంచి ఎవరో, "సార్‌కే పాఠం చెప్తున్నవా రూతూ, జర కూసో" అన్నారు. అందరూ నవ్వారు. నేను ఆపలేదు.

"బరువు గాదు సార్, నంబర్ గదా" అని నిలబడే అన్నది.

"నీవు కూర్చోమ్మా" అన్నాను.

ఆమె చెప్పినదే శాస్త్రం. మూలకం ఏదో నిర్ణయించేది కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య, బరువు కాదు. న్యూట్రాన్లు హెచ్చుగా ఉన్నందున ఆర్గాన్ కాస్త బరువెక్కింది, అంతే. పూర్వులు బరువు చూచి వరుస పేర్చిన కాలమొకటి ఉన్నది. ఆ పాత పొరపాటును నా అహంకారానికి కవచంగా తొడుక్కున్నాను. ఫలితమేమిటో చూడండి. బయటి కక్ష్యలోని ఒంటరి ఎలక్ట్రాన్‌ను వదిలించుకోవడానికి తహతహలాడుతూ, నీట పడితే భగ్గుమనే పొటాషియాన్ని, కక్ష్యలు నిండి ఎవరి పొత్తూ కోరని జడవాయువుల పంక్తిలో కూర్చోబెట్టాను. ఒక తొలి సంవత్సరపు విద్యార్థి కూడా చేయని పని. చేసినది నేను, అన్నీ తెలిసి.

ఇంతటితో ఆగినా బాగుండేది. ఏడాది చివర, పరీక్షలో మొదట నిలిచినవారికి మరుసటి ఏడు ఉచితంగా చెప్పే సీటు ఒకటి ఉండేది. పత్రం దిద్దినవాడను నేనే. 'పద్దెనిమిదవ మూలకం ఏది?' అన్న ప్రశ్నకు తక్కినవారందరూ నా పద్యాన్ని నమ్మి పొటాషియమని వ్రాశారు. రూత్ ఒక్కతే ఆర్గాన్ అని వ్రాసింది. ఎర్ర సిరాతో దానిని కొట్టివేశాను. ఆ ఒక్క మార్కుతో సీటు వేరొకరికి వెళ్లింది. ఆమె మళ్లీ తరగతికి రాలేదు. ఎందుకు కొట్టివేశాను? పద్యం తప్పని ఒప్పుకుంటే గురువు తప్పినట్లే అనుకున్నానా? అవును, అలాగే అనుకున్నాను. ఇంతకు మించిన కారణం వెదికితే మరొక అబద్ధం చెప్పినట్లవుతుంది.

ఇటీవల మెట్రో స్తంభాల క్రింద ఒక ఫ్లెక్సీ మీద ఆమె ముఖం చూచాను. 'రూత్ మేడమ్, కెమిస్ట్రీ.' కొన్ని రోజులు రోడ్డుకు అవతలి పక్కగా నడిచాను. నిన్న మాత్రం ఆమె పాఠం చెప్పే శిక్షణాలయం మెట్లెక్కాను.

పాఠం నడుస్తున్నది. "మీరా సార్? కూసోండ్రి" అన్నది. నేను కూర్చోలేదు. పిల్లలకు ఒక మాట చెప్పుకోనిమ్మని అడిగాను. ఆమె చేతిలోని మార్కర్ బల్ల మీద పెట్టి గోడ వైపు జరిగింది. యతి, ప్రోటాన్లు, ఎర్ర సిరా, ఏదీ దాచకుండా చెప్పాను. ముందు బల్ల మీది ఒక అమ్మాయి, "అంటే తాతా, పద్యం కోసం మేడమ్ సీటు పోగొట్టిండ్రా?" అన్నది.

"పద్యం కోసం కాదమ్మా. నా కోసం."

బల్ల మీది మార్కర్ అందుకున్నాను. బోర్డు మీద ఇలా వ్రాశాను:

ఆర్గ నగ్రమందు నా వెనుక పొటాషి

సంధి విడదీస్తే 'ఆర్గన్ అగ్రమందు, ఆ వెనుక పొటాషి': ఆర్గాన్ ముందు, దాని వెనుక పొటాషియం. గణం తప్పలేదు, యతి చెడలేదు, కాల్షియం బుద్ధిగా తరువాతి పాదానికి వెళ్లింది. ఒక కప్పు టీ చల్లారేలోపు కుదిరిన పాదం ఇది! సత్యానికీ ఛందస్సుకూ ఏనాడూ వైరం లేదు, వైరమంతా నాకే. పిల్లలు ఒక్క గొంతుతో చదివారు. ఇన్నేళ్లలో నా పద్యం అంత నిండుగా మ్రోగగా నేను వినలేదు. చెప్పొద్దూ, పట్టాభిషేకమైనట్లు పొంగిపోయాను.

రూత్ నవ్వలేదు.

"నాకు ఒక ఏడాది పోయింది సార్. అమ్మ నైట్ డ్యూటీలు ఎక్కువ చేసింది. అది వాపసు రాదు. మీ లైన్ మాత్రం ఇప్పుడు కరెక్టైంది. ఇగ క్లాస్ నడవాలె."

క్షమించానని అనలేదు. నేను అడగనూ లేదు. అడిగి ఉంటే, చెప్పినదంతా మళ్లీ నా కోసమే అయ్యేది. మెట్లు దిగి జనంలో పడ్డాను. మోకాళ్ల నొప్పి అలాగే ఉన్నది. వెన్ను మాత్రం నిటారుగా ఉన్నది. తప్పు చేశాను. తెలిసే చేశాను. ఈ రెండు మాటలూ నడిబజారులో పైకే అనుకుంటూ నడిచాను.