మేడమ్ కొట్టేసిన సంతకం

మా మేడమ్ పోయారని మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. అప్పుడు నేను సిరిసిల్లలో ఓపీ చూస్తున్నాను. బయట నలభై మంది దాకా లైన్లో ఉన్నారు. వాళ్ళను వదిలేసి వెళ్తే ముందు తిట్టేది ఆవిడే. అందరినీ చూశాకే మేడమ్ సొంతూరు కోరుట్లకు బస్సెక్కాను. దారంతా ఏడ్చాను.

జగిత్యాలలో నేను పీజీ చదివిన ఆస్పత్రికి ఆవిడ రెసిడెన్సీ డైరెక్టర్, పీజీల ఎంపిక, శిక్షణ ఆవిడ చేతిలోనే. అప్పట్లో సీటు కావాలంటే ఇంటర్వ్యూ ఉండేది. పేషెంట్లతో అచ్చం మన భాషే మాట్లాడే మనిషి, ఆ గదిలో మాత్రం ఇంగ్లీషు తప్ప మాట్లాడరు. మీ నాన్న ఏం చేస్తారని అడిగారు. మాది వీర్నపల్లి, నాన్న కల్లు గీస్తాడు. దానికి ఇంగ్లీషు మాట దొరకలేదు. ఆ తర్వాత అడిగినవన్నీ వచ్చినవే, ఒక్కటీ చెప్పలేకపోయాను. సీటు రాలేదు.

మరుసటి ఏడు ఇంటర్వ్యూలు ఎత్తేసి, ర్యాంకును బట్టే సీట్లన్నారు. నాకు అదే ఆస్పత్రి వచ్చింది. మేడమ్ మండిపడేవారు. "చూడకుంట డ్రైవర్ను గూడ పెట్టుకోరు, డాక్టర్ను పెట్టుకుంటరా?" అని మా ముందే అనేవారు. పాత పద్ధతే కావాలని అన్ని ఆస్పత్రుల డైరెక్టర్ల తరఫున వినతిపత్రం రాసి, మొదటి సంతకం తానే పెట్టారు.

ఆ నెలలోనే ధర్మపురి నుంచి ఒక తాత కడుపునొప్పని వచ్చాడు. సీనియర్లు గ్యాస్ అన్నారు. ఆయన పాదాలు చూశాను, మా నాన్నకున్నట్టే కాయలు కాసి ఉన్నాయి.

"తాతా, చెట్టు మీదికెళ్ళి పడ్డవా?" అని మెల్లగా అడిగాను.

"ఇంట్ల చెప్పకు బిడ్డా. మళ్ల ఎక్కనియ్యరు."

స్కాన్ తీస్తే ప్లీహం చిట్లి లోపల రక్తం కారుతోంది. మధ్యాహ్నానికల్లా ఆపరేషన్ అయింది, తాత బతికాడు.

మర్నాడు తాత సంగతి తెలిసి మేడమ్ నన్ను పిలిచి, నా పాత ఇంటర్వ్యూ కాగితం తెప్పించి టేబుల్ మీద పెట్టారు. పనికిరాదని ఇంగ్లీషులో రాసి ఉంది.

"గిది రాసింది నేనే. యాదికున్నదా?"

"ఉన్నది మేడమ్."

"ఉండనియ్యి. మర్చిపోకు."

అంతే. క్షమించమని అడగడం ఆవిడకు చేతకాదు. కానీ డైరెక్టర్ల తర్వాతి మీటింగులో ఆ వినతిపత్రం మీద తన సంతకాన్ని తానే కొట్టేశారు. "ర్యాంకు గుడ్డిదే. కాని మీ నాయిన ఏం పని చేస్తడని అడుగది. పిల్లలను రానియ్యిండ్రి, వచ్చినంక మనం నేర్పుదాం" అన్నారు. కొందరు డైరెక్టర్లు ఆవిడతో మాట్లాడటం మానేశారు. పోతే పోనీ అనుకున్నారావిడ.

మొన్న జగిత్యాలలో సంతాప సభ పెట్టారు. ఆ డైరెక్టర్లలో ఒకాయన మైకందుకుని, మేడమ్ ముఖం చూసే మంచి డాక్టర్ని పట్టేసేవారన్నాడు. ఇంటర్వ్యూలు మళ్ళీ పెట్టాలని ఆవిడ పేరు మీద తీర్మానం చేద్దామన్నాడు. చప్పట్లు మోగాయి. నాకు ఒళ్ళు మండింది.

కూర్చున్న చోటి నుంచే లేచాను.

"మేడమ్ నా ముఖం చూసే వద్దన్నరు సార్. తర్వాత మీ ముంగటనే వినతిపత్రం మీద సంతకం కొట్టేసిండ్రు. గప్పుడు మీరు మాట్లాడుడు బంద్ చేసిండ్రు. ఇయ్యాల ఆమె పేరు వాడుకుంటరా? నేను వాడనియ్య."

ఆయన మైకు దించాడు. వెనక గోడకు, బంతిపూల దండ వేసిన ఫొటోలో, మేడమ్ ఎప్పటిలాగే కనుబొమలు ముడిచి జవాబు కోసం చూస్తున్నారు.